ఇష్టమేనా అని అడిగితే

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆమెను అందరూ కాలరక్క అనేవారు. పద్దెనిమిదేళ్లుగా అదే బల్ల, అదే మిషను. ఏ పూట ఏం చేయాలో ఫ్యాక్టరీలో మేస్త్రీ చెప్పేవాడు, ఇంట్లో భర్త చెప్పేవాడు.

ఒకనాడు ఆమె పేర ఉత్తరం వచ్చింది. పిల్లలు లేని పెద్దమ్మ కన్నుమూస్తూ, బజారులోని తన కుట్టుపని దుకాణాన్ని ఆమెకు రాసిపోయింది. చిన్నప్పుడు సెలవుల్లో ఆవిడ పక్కన కూర్చుని కాజాలు కుట్టడం నేర్చుకుందే తప్ప, కాలరక్క ఏనాడూ ఏమీ ఆశించలేదు.

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. వీళ్లింటికి ఆ సాయంత్రమే బావగారు నడిచొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ముందుగదిలో కూర్చున్నారు.

"దుకాణం అమ్మేస్తే నీకో ట్యాక్సీ వస్తుందిరా" అన్నాడు బావగారు.

"మిగిలినదాంతో మేడమీద గది వేయిద్దాం అన్నయ్యా."

"వేయించు. ఖాళీగా ఎందుకు, నేనొచ్చి ఉంటాలే."

కాలరక్క టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. ఇలాంటి ముందుగదులు మనందరికీ తెలిసినవే. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆమెను అడగాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు, అంతే. నిజం చెప్పాలంటే ఆమెకూ రాలేదు.

పదిరోజుల్లో కొనేవాడు దొరికాడు. రిజిస్ట్రారు ఆఫీసులో జుట్టు నెరిసిన అధికారిణి కాగితాలు తిరగేసి, కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఏమ్మా, ఇష్టపడే అమ్ముతున్నారా?"

"మా ఆయన్ని అడగండి మేడమ్."

"ఇష్టమే మేడమ్. ఇంట్లో అందరం అనుకున్నదే" అన్నాడు భర్త.

"మీరు కాస్త ఆగండి. ఆస్తి ఎవరిదో వాళ్ల నోటితోనే వినాలి నేను."

కాలరక్క చేతిలోని కలం ఆగింది. పెళ్లినాడు గానీ, ఫ్యాక్టరీలో చేర్చిననాడు గానీ ఇష్టమేనా అని తనను ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది ఆమెకు.

"ఇష్టం లేదు మేడమ్. ఆ దుకాణం నేనే నడుపుకుంటాను."

"ఆడమనిషికి దుకాణమేంటి?" అని గొణిగాడు వెంట వచ్చిన బావగారు.

"మా పెద్దమ్మ నలభై ఏళ్లు నడిపింది బావగారూ" అందామె నెమ్మదిగా.

భర్త రెండు వారాలు ఆ దుకాణం వైపు రాలేదు. దుకాణం తెరిచిన రోజు మాత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలంతా కలియజూశాడు.

"చీకటిగా ఉంది. ఇంకో లైటు ఎక్కడ పెట్టించమంటావు?"

ఆమె చెప్పింది. అతను అక్కడే పెట్టించాడు.

ఆస్తి ఆడదాని పేర వచ్చినంత మాత్రాన ఆమెది కాదు. దానిమీద ఆమె మాట చెల్లిననాడే అది ఆమెదవుతుంది.