పారమ్మ పక్క సీటు

నేను ఒక ఒంటిపంటి ముసలాణ్ణి. ఆ ఒక్క పంటితోనే నలభై ఏళ్ల పైచిలుకు కాగితం నమిలి బతికాను. మీరు బుర్ర గోక్కోవద్దు, తిన్నగానే చెబుతాను. వెనకటి రోజుల్లో బస్సు కండక్టరు చేతిలో టిక్కు టిక్కుమంటూ టికెట్లకు చిల్లులు పెట్టేదే, ఆ పంచ్‌ని నేను. ఇప్పటి కుర్రకారు నన్ను చూసి గోళ్లు కత్తిరించుకునేదా అని అడుగుతున్నారు. అడగనివ్వండి. నేను పెట్టిన చిల్లుల్లోంచి రాలిన కాగితపు చుక్కలన్నీ ఒక ఏడు గాలివానకి లేచి సీతంపేట కొండ మీద పడితే, మంచు కురిసిందని అక్కడి జనం మూడు రోజులు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. నమ్మకపోతే మానండి. టికెట్ కొట్టేశాక వాపసు లేదు.

నేను పుట్టింది హౌరాలో ఒక ఇరుకు కొలిమిలో. స్ప్రింగు బిగించినవాడు భోజనానికి వెళ్లే తొందరలో ఒక చుట్టు ఎక్కువ వేశాడు. అందుకే నా నోరు మూతపడడం కష్టం. అక్కణ్ణించి గోనెసంచిలో పాలకొండ డిపోకి వచ్చాను. మొదట నన్ను పుచ్చుకున్నాయన చిల్లులకంటే వీపు గోక్కోవడానికే నన్ను ఎక్కువ వాడాడు. ఆయన గురించి ఆ వీపు తప్ప నాకేమీ తెలియదు. ఆయన తరవాత మజ్జి అసిరినాయుడి చేతిలో పడ్డాను. పడినవాణ్ణి ముప్పై నాలుగేళ్లు లేవలేదు.

మనుషుల గురించి నన్నడగండి. బస్సెక్కేటప్పుడు ఏ పిల్లాడికీ ఐదేళ్లు నిండవు. నూనూగు మీసాలవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి కాళ్లు ముందు సీటు దాటిపోతూ ఉంటే, "నాలుగెల్లి అయిదు వత్తాది బాబూ" అన్న తల్లుల్ని చూశాను. అసిరినాయుడు నవ్వి ఊరుకునేవాడు. బస్సులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి బుట్ట ఎవరి కాళ్ల కింద దూరాలో ఆయనకి పుట్టుకతో తెలుసు. నాతో ఇనప కడ్డీ మీద ఒకసారి కొడితే బస్సు ఆగేది, రెండుసార్లు కొడితే కదిలేది. ఆయనకి రానిదల్లా ఒక్కటే. కూర్చోవడం.

డ్యూటీ లేని రోజున భార్య పారమ్మతో పెళ్లికో పేరంటానికో బస్సెక్కినా, రెండో స్టాపు దాకా ఆమె పక్కన ఉండేవాడు. ఆ తరవాత "ఆ కండక్టరు కుర్రోడు కొత్తోడే పారమ్మా, కంగారు పడతన్నాడు" అనేసి లేచిపోయేవాడు. ఆ పక్క సీటులోకి కంద దుంపల బస్తా వచ్చేది, లేదా ఎవరిదో పెళ్లి బిందె వచ్చేది. పారమ్మ కిటికీలోంచి చూస్తూ ఊరు చేరేది.

తరవాత టికెట్లిచ్చే కరెంటు మిషన్లు వచ్చాయి, నాబోటి వాళ్లం తుక్కు పద్దులోకి ఎక్కాం. స్టోరు గుమాస్తా దయతలచి నన్ను అసిరినాయుడికి వదిలేశాడు. ఆయన రిటైరై చొక్కా జేబులో నన్ను వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. గుండె దగ్గర అంత బరువెందుకని డాక్టరు అడిగితే, ఇది లేకపోతే గుండె ఎటు కొట్టుకోవాలో మరిచిపోతుందని జవాబు చెప్పాడు.

ఇక ఓడ సంగతి. వాళ్లమ్మాయి హేమలత ఒక పెద్ద షికారు ఓడలో రొట్టెలు కాల్చే వంటగదిలో పని చేస్తోంది. పనివాళ్ల అమ్మానాన్నలకి ఏడాదికొకసారి చవగ్గా ప్రయాణం ఇస్తారట. అలా పాలకొండ నించి బయలుదేరిన నేను కరీబియన్ సముద్రం చూశాను. ఓడ గుమ్మంలో కాపలాదారు నన్ను జేబులోంచి తీయించి, అనుమానంగా తిప్పి చూసి, తన చేతిలోని పేపరుకే నాలుగు చిల్లులు పెట్టుకుని, సంతోషించి లోపలికి పంపాడు.

మూడో రోజు పొద్దున ఓడ ఒక పచ్చటి ద్వీపం దగ్గర ఆగింది. పేరు చెప్పను. చెబితే మీరంతా వెళ్లి బస్సులు కిక్కిరిసేలా చేస్తారు. ఓడ జనమంతా చల్లటి అద్దాల టూరు బస్సుల కోసం వరసలు కడుతుంటే పారమ్మ మొగుడి చొక్కా పట్టుకు లాగింది.

"నాకా అద్దాల బస్సులొద్దు మావా. ఈ ఊరోల్లు ఎక్కే బస్సెక్కుదాం. కిటికీ పక్క నాను, నా పక్క నువ్వు. ఆ సివరికి ఎల్లడం, తిరిగొచ్చీడం. అంతే."

"ఓస్! ఇంత సిన్న కోరికేటే?"

"సిన్నదే. పెల్లయిన కాడ్నుంచీ తీర్నేదు."

అసిరినాయుడు దగ్గాడు. జేబులో ఉన్నాను గనక ఆ దగ్గు ఉత్తదని నాకు తెలిసిపోయింది.

హేమలత పిండి చేతులతోనే మెట్ల దాకా వచ్చి హెచ్చరించింది. "నాన్నా, మూడున్నరకి మెట్లు ఎత్తేస్తారు. తరవాత చెయ్యూపినా ఆగడానికి ఇది నీ పాలకొండ బస్సు కాదు."

"టయిం గురించి నాకు సెప్తన్నావేటే నువ్వు!" అని ఆయన ఠీవిగా దిగాడు.

ఊళ్లో బస్సులంటే పదిహేను సీట్ల వ్యాన్లు. ఒక ఎర్ర వ్యాను ఎక్కాం. డ్రైవరు పేరు కెల్విన్, వేలి లావు మెడగొలుసు, చెవులు పగిలే పాటలు. తలుపు దగ్గరుండే అతని కండక్టరు ఆ రోజు చెల్లెలి పెళ్లికి వెళ్లాడు. ఇదే కొంప ముంచింది. అక్కడివాళ్లది ఇంగ్లీషే గానీ పాటలా సాగే ఇంగ్లీషు. ఇనుముకి భాష అడ్డం కాదు గనక మీకు తెలుగులోనే వినిపిస్తాను.

ఎక్కిన ప్రతి మనిషీ బస్సు మొత్తానికి గుడ్ మార్నింగ్ చెప్పడం అక్కడి మర్యాద. బస్సంతా తిరిగి చెబుతుంది. పారమ్మ ముచ్చటపడి, ఎక్కిన ప్రతివాళ్లకీ రెండు చేతులూ జోడించి "దండాలమ్మా, దండాలు బాబూ" అంటూ పోయింది. కిటికీలోంచి జాజికాయ వాసన వస్తోంది. పక్కన మొగుడున్నాడు. ఆవిడ మొహం చూసి నా తుప్పు కూడా మెరిసిందంటే నమ్మండి.

మూడో స్టాపులో పక్కకి జరిగే తలుపు కాస్త పట్టేసింది. అంతే. అసిరినాయుడు స్ప్రింగులా లేచాడు. తలుపు లాగాడు, ఒక ముసలమ్మని చెయ్యిచ్చి ఎక్కించాడు, ఆమె సంచి సర్దాడు, నన్ను జేబులోంచి తీసి పైకప్పు మీద టక్ టక్ అని రెండు కొట్టాడు. రైటన్నమాట.

కదలబోయిన బస్సు ఆగిపోయింది.

ఆయన మళ్లీ రెండు కొట్టాడు. మళ్లీ కదలబోయి మళ్లీ ఆగింది. అయిదోసారికి బస్సంతా పడీ పడీ నవ్వుతోంది. కెల్విన్ వెనక్కి తిరిగి, "పెద్దాయనా, దిగుతావా, దిగవా? ఒక్కటి తేల్చుకో!" అన్నాడు. ఆ ద్వీపంలో దిగాల్సినవాళ్లు పైకప్పు మీద కొడతారట. ఎన్నిసార్లు కొట్టినా అర్థం ఆపమనే. అది తెలిశాక అసిరినాయుడు కొట్టడం మానాడు గానీ తలుపు వదల్లేదు. ఆ పొట్టి వ్యానులో నడుం సగానికి వంచుకుని గంటన్నర నిలబడ్డాడు. ఎక్కేవాళ్లని ఎక్కించాడు, దిగేవాళ్లని దింపాడు. మధ్యలో ఒక రైతు మేకపిల్లతో ఎక్కి వెనక్కి పోతే, ఆ మేకపిల్ల మాత్రం ఖాళీగా ఉంది కదా అని పారమ్మ పక్క సీటులో కుదురుగా కూర్చుంది.

చివరి ఊరు చేపల పల్లె. బస్సు దిగి పారమ్మ ఒక పడవ అంచున కూర్చుంది. ఆయన కొబ్బరి బొండం తెచ్చి ఇస్తే తీసుకోలేదు.

"మేకపిల్ల శానా మంచిది," అంది. "ఊరొచ్చీదాకా లెగనేదు."

"పారమ్మా..."

"అక్కడంటే డూటీ. నానేటన్నేదు. మరిక్కడ? ఎవుడిచ్చినాడు మావా నీకు డూటీ? నా పక్కన కూకుంటే నీకేటవుద్ది?"

ఎంతటివాణ్ణయినా ఒక్క మాటతో సర్దే మనిషి బొండాన్ని పడవ అంచున పెట్టి సముద్రంకేసి తిరిగాడు. ఆయన చేతిలో నేను చెమటకి తడిసిపోయాను.

ఒంటిగంటా యాభై అయింది. కెల్విన్ తాపీగా వేయించిన చేప తింటున్నాడు. బస్సులో అయిదుగురున్నారు.

"ఎప్పుడు కదులుతుంది?" అని అసిరినాయుడు వచ్చిన ఇంగ్లీషులో అడిగాడు.

"నిండినప్పుడు."

"ఎప్పుడు నిండుతుంది?"

"దేవుడికి తెలుసు. నేను వట్టి డ్రైవర్ని."

వెనక ఇంకో బస్సు మూడింటికి గానీ రాదట. ఓడేమో మూడున్నరకి మెట్లెత్తేస్తుంది. పాస్‌పోర్టులు ఓడలో, కూతురు ఓడలో. అసిరినాయుడు జనం కోసం వీధికేసి చూశాడు. కాళ్లు అటు లాగుతున్నా కదలకుండా పెళ్లాంకేసి చూశాడు. పెళ్లయ్యాక ఆయన ఆమెని అనుమతి అడగడం అదే మొదటిసారి, అదీ నోటితో కాదు.

పారమ్మకి అర్థమైంది. వెళ్లి కిటికీ పక్కన కూర్చుంటూ అంది. "ఎల్లు, నింపు. గానీ నా పక్క సీటు నింపీకు."

మన ఊళ్లలో సీటు పట్టడం ఎలాగో మీకు తెలుసు. కిటికీలోంచి చేతిరుమాలో తువ్వాలో విసిరితే ఆ సీటు రిజిస్ట్రేషను అయిపోయినట్టే. అసిరినాయుడికి అది గిట్టేది కాదు. నిలబడ్డవాడిదే సీటు అంటూ ఆయన తీసి పారేసిన రుమాళ్లతో పెళ్లిపందిరి వేయొచ్చు. అలాంటి మనిషి ఆ రోజు జేబులు తడుముకుని, రుమాలు లేక, నన్ను తీసి పారమ్మ పక్క సీటు మీద పెట్టాడు. జాగ్రత్తగా, నడిమధ్యన.

తరవాత ఆ గొంతు లేచింది. "టౌన్! టౌన్! టౌన్! ఎవురమ్మా టౌనూ! ఎక్కాలి ఎక్కాలి, ఎనక కాళీ, ముందుకు జరగాలి!" ఆ ద్వీపం పుట్టాక అలాంటి కేక వినలేదు. వలలు అల్లేవాళ్లు లేచారు. బట్టలుతుకుతున్న ఆవిడ సబ్బు చేతులతో వచ్చింది. మంగలి దగ్గర ఒకాయన ఒక చెంప గీసుకుని, రెండో చెంప నురగతోనే వచ్చి ఎక్కాడు. వాళ్లలో సగం మందికి టౌనులో పనే లేదు, ఆ కేకకి కాళ్లు వాటంతటవే వచ్చాయి. పది నిమిషాల్లో బస్సు నిండింది.

ఆఖర్న పళ్లబుట్టతో మిస్ ఎర్లీన్ అనే భారీ మనిషి ఎక్కింది. ఆ ఊళ్లో రుమాలు ఆచారం లేదు కదా! ఆమె సీటు మీద నన్ను చూసి, "పాపం, ఎవరిదో పడిపోయింది," అంటూ తీసి ముందుకి అందించింది. చేతులు మారి మారి కెల్విన్ దగ్గరికి చేరాను. అతను నన్ను స్టీరింగు ముందు పెట్టుకున్నాడు. మిస్ ఎర్లీన్ పారమ్మ పక్కన హాయిగా కూర్చుంది.

అసిరినాయుడు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. సీటు చూశాడు, బుట్టతో ఉన్న పెద్దావిణ్ణి చూశాడు. "పర్నేదు, కూకోండమ్మా," అన్నాడు అలవాటుగా. నడుం వంచి తలుపు పట్టుకున్నాడు.

అప్పుడు పారమ్మ లేచి నిలబడింది. ముప్పై నాలుగేళ్లు బస్సుల్లో నోరెత్తని మనిషి. "ఓలమ్మా, అది నా మొగుడి సీటు!" అంది, శుద్ధ తెలుగులో. "నువ్వు మంచిదానివే గావొచ్చు. గానీ బస్తాలు కూకున్నాయి, బిందెలు కూకున్నాయి, ఇందాక మేకపిల్ల కూకుంది. నా మొగుడు కూకోనేదు. లెగు తల్లీ, నీకు దండం పెడతాను."

బస్సులో పాట ఆగిపోయింది. కెల్వినే ఆపాడు. మిస్ ఎర్లీన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ సీటు మీద ఆనిన పారమ్మ చేతిని చూసింది, తలుపు దగ్గర వంగిపోయి నేలచూపులు చూస్తున్న ముసలాయన్ని చూసింది. ఆ తరవాత అర్థం కానిదేమీ మిగల్లేదు.

"ఏమయ్యా," అంది అసిరినాయుడితో. "ఇంత అందమైన మనిషిని ఇక్కడ పెట్టుకుని, ఆ తలుపుతో కాపురం చేస్తున్నావా?"

బస్సు ఘొల్లుమంది. ఆమె బుట్టతో లేచి ముందుకు వచ్చి, కెల్విన్ పక్కనున్న బక్కాయన్ని ఒక తోపు తోసి కూర్చుంది. తలుపు దగ్గరి నురగ చెంపాయన, "నేను వేస్తాలే, నువ్వు పో," అని తలుపు లాగేశాడు. అసిరినాయుడు వెళ్లి కూర్చున్నాడు. పెళ్లిపీటల మీద కూడా అంత సిగ్గుపడి ఉండడు.

కెల్విన్ అద్దంలోంచి నాకంతా కనిపించింది. మొదటి స్టాపులో ఆయన సీటులోంచి సగం లేచాడు. పారమ్మ చెయ్యి ఆయన చెయ్యి మీద పడింది, కూర్చున్నాడు. రెండో స్టాపులో ఖాళీ జేబు తడుముకున్నాడు. ఆవిడ ఆ చేతిని కూడా దింపి తన ఒళ్లో పెట్టుకుంది. మూడో స్టాపు వచ్చింది, పోయింది. ఆయనకి తెలియలేదు.

"ఇటు సూడు మావా," అంటోందావిడ. "ఆ కొండ మీద మబ్బు సూడు. ఆ ఇల్లు సూడు, గులాబీ రంగు."

ఆయన చూస్తున్నాడు. లక్షల మైళ్లు తిరిగిన మనిషి, టికెట్లు తప్ప దారి చూసి ఎరగడు.

"ఏటి బాబూ, టికెట్టు తీసుకున్నావా?" అని పారమ్మ కండక్టరులా గద్దించింది.

"స్టాఫండి," అన్నాడాయన వినయంగా. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు.

మూడూ ఇరవై అయిదుకి రేవు దగ్గర దిగారు. ఓడ మెట్ల మీద హేమలత చేతులు ఊపుతూ అరుస్తోంది. పారమ్మ మోకాళ్లు పట్టేసి ఉన్నాయి, ఆయన ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని నడిపిస్తున్నాడు. కెల్విన్‌కి నేను గుర్తొచ్చాను. కిటికీలోంచి నన్ను ఎత్తి పట్టుకుని, "పెద్దాయనా! నీ ఇనప ముక్క!" అని అరిచాడు.

అసిరినాయుడు వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు. నా దగ్గరికి రావాలంటే ఆ చెయ్యి వదలాలి, పరిగెత్తాలి. అయిదు నిమిషాలే ఉన్నాయి. ఆయన నాకేసి ఒకసారి తల ఊపాడు, డ్యూటీ దిగిపోతూ డ్రైవరుకి ఊపినట్టు. తరవాత ఇద్దరూ ఆ మెట్లు ఒక్కొక్కటే ఎక్కారు.

ఇప్పుడు నేను కెల్విన్ వ్యానులో, స్పానర్ల పక్కన ఒక రేకు డబ్బాలో ఉంటున్నాను. ఎక్కినవాళ్లందరికీ అతను నన్ను చూపించి కథ చెబుతాడు. అతని లెక్కలో ఆ ముసలాయన ఒక్క కేకతో మూడు బస్సులు నింపాడట, మేకపిల్ల కాదట, ఆవట. చెప్పనివ్వండి, కోతలు నా దగ్గరే నేర్చుకున్నాడు. పాపం, నిన్ను వదిలేసి పోయాడా అని మిస్ ఎర్లీన్ ఎప్పుడైనా నన్ను చేతిలోకి తీసుకుని అడుగుతుంది.

వదిలేయడమేమిటి, ఆయన చెయ్యి ఖాళీ లేదు.