చిత్రమూలం

చిత్రమూలం వేరు నూరినప్పుడల్లా లూదియా వేళ్లు భగభగ మండేవి. అత్త మణెమ్మ మోకాళ్ల నొప్పులకు ఆ పట్టు పడాల్సిందే. నల్లమల అంచు నుంచి ఆమే మొక్క తెచ్చి పెరట్లో నాటుకుంది. నడి ఎండల్లో కూడా ఆ మొక్క పచ్చగా, తెల్లటి పూలతో ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేది. పట్టు కాసేపు ఎక్కువుంచితే చర్మం బొబ్బలెక్కేది. "బిరీన నూరు, బడికి పోవల్ల కదా" అనేది అత్త. నూరే చేతికి బొబ్బలెక్కితే అడిగినవాళ్లు లేరు.

ఆళ్లగడ్డ బడిలో లూదియా పంతులమ్మ. నాలుగో కాన్పులో నెత్తురు పోయి చావు దాకా వెళ్లొచ్చింది. అప్పుడే భర్త దేవదానాన్ని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమని బతిమాలింది. "మగోనికి ఆపరేషనా? నన్ను ఊర్లో తలెత్తుకోనీవా?" అన్నాడు. డెబ్భై తొమ్మిది వేసవిలో మళ్లీ నెల తప్పింది. చెబితే, "దేవుడిచ్చినాడు, కను" అని పేపరు తిప్పాడు. అన్నం వారుస్తున్నా, నల్లబల్ల మీద ఎక్కాలు రాస్తున్నా ఆ మాటే చెవిలో తిరిగేది. కను. ఎంత చిన్న మాట! ఈసారి తను పోతే పిల్లలకు తల దువ్వేదెవరని కూడా అతనికి తోచలేదే! ఈ వేరును ఆడవాళ్లు ఇంకెందుకు వాడతారో ఆమె చిన్నప్పటి నుంచి గుసగుసల్లో విన్నదే. ఆదివారం అందరూ చర్చికి పోయాక పెరట్లో మొక్క మొదలు తవ్వింది.

నడవలేక వెనక్కి వచ్చిన మణెమ్మ కోడలి చేతిలో వేరు చూసింది.

"నా మోకాళ్లకు కాదు గదా అది?"

ముసలామె వేరు లాక్కుంది.

"మా చెల్లెలు ఇట్నే చేసింది. అరిసి అరిసి పాణం ఇడిసింది. జరమొచ్చి పొయ్యిందని ఊరికి చెప్పినారు. నేనూ అదే చెప్పినా."

"మరి నేనేం చేయల్ల అత్తా? కని సావల్నా?"

మణెమ్మ వేరును గోడవతలికి విసిరేసింది.

"రేప్పొద్దున నంద్యాల పోదాం. ఆడ పెద్దాస్పత్రిలో పాణానికి మోసం లేకుండా తీసేస్తారంట. వానికి నేను చెప్పుకుంటాలే."

మర్నాడు ఆస్పత్రిలో నర్సు లూదియా తల మీదుగా మణెమ్మను చూసి అడిగింది: "ఈమె భర్త రాలేదా? ఆయనేమంటాండాడు?"

మణెమ్మ నోరు తెరిచేలోగా లూదియా ముందుకు జరిగింది.

"ఆయన్ని ఇడిసిపెట్టమ్మా. నన్నడుగు, చెప్తా."