ముప్పయ్యో రోజు దండ

2000 జనవరి, భోగి రోజు. ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు సింగపూర్‌లో, టోవా పాయోలోని తన ఫ్లాట్‌లో జగన్మోహనరావు, భద్రయ్య కట్టిన పూలదండను వంటింట్లో చెత్త కిందికి జారే గొట్టంలో పడేశాడు.

ధనుర్మాసమంతా ఆ ఇంట్లో గోదాదేవి పాశురాలు పాడారు. ముందు జగన్మోహనరావు కుర్చీలో కూర్చుని ఆమె కథ కొంత చెప్పేవాడు. తరవాత భద్రయ్య పాట అందుకునేవాడు. మిగతావాళ్లు కాగితాలు చూసి పాడేవారు. భద్రయ్య తువాస్ షిప్‌యార్డులో వెల్డరు. కోనసీమలో గుడికి దండలు కట్టే ఇల్లు వాళ్లది. రాత్రి షిఫ్టు దిగి తిన్నగా వచ్చి, వంటింట్లో కింద కూర్చుని రోజూ దండ కట్టేవాడు. హాల్లో ఉన్న స్వామి విగ్రహం మెడలో వేసేది మాత్రం జగన్మోహనరావు. చివరి రోజు కల్యాణం దండ నువ్వే వేద్దువుగాని అని మొదటి రోజే మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకుని భద్రయ్య నెల రోజులు నిద్ర సగం చేసుకున్నాడు.

ఆ రోజు నలభై మంది వచ్చారు. కంప్యూటర్లలో వై2కె పని గట్టెక్కిన జగన్మోహనరావు ఆఫీసువాళ్లే ఎక్కువ. గ్లాసుల కోసం వంటింట్లోకి వచ్చిన జగన్మోహనరావుకు భద్రయ్య మెడలో దండ కనిపించింది.

“ఏంటది? నీ మెళ్లో వేసుకున్నావేంటి?”

“కొలతండి. నా బొడ్డు దాకా వస్తే స్వామి పాదాల దాకా సరిపోద్ది.”

“ఎంగిలి చేశావు కదయ్యా. బయట మా మేనేజర్ ఫ్యామిలీతో వచ్చి కూర్చున్నాడు.”

“గోదమ్మ కూడా తను వేసుకునే పంపిందని తమరే చెప్పారు కదండి, తొమ్మిదో రోజున.”

“ఆవిడ దేవత. నువ్వు వెల్డర్‌వి.”

దండ లాగి గొట్టంలో వేసి మూత కొట్టాడు. చేతులు కడుక్కున్నాడు. “సరే, టైమవుతోంది. వచ్చి పాట అందుకో.”

“మెడ ఎంగిలైతే నోరు కాదాండి?” భద్రయ్య నార, కత్తెర సంచిలో పెట్టుకున్నాడు. “ఇంకోటండి. ఇరవై తొమ్మిది దండలూ ఇలాగే కొలిచాను.”

గుమ్మంలో ఉన్న జగన్మోహనరావు భార్య తారాదేవి జడ తడుముకుంది. నిన్నటి దండలోంచి తుంచిన మల్లెలు ఇంకా ఉన్నాయి.

“మెల్లగా మాట్లాడు,” అన్నాడు జగన్మోహనరావు. “మీ యార్డుకి ఫోన్ చేస్తే ఏమవుతుందో తెలుసా?”

“చెయ్యండి. ఏమని చెప్తారండి?”

ఏడు నలభైకి భద్రయ్య లిఫ్ట్ ఎక్కాడు. ఎనిమిదింటికి హాల్లో పాశురాలకు టేప్‌రికార్డరు పెట్టారు. స్వామి మెడలో ముందురోజు దండ ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు.