కప్పతల్లి అడిగిన తట్ట మన్ను

కప్పతల్లి వాకిట్లోకి వచ్చేసరికి అంతయ్య గుమ్మిలో ఉన్నాడు.

గుమ్మి అంటే వెదురుతో అల్లి, పెండతో అలికి, పండిన జొన్నలు పోసుకునే నిలువెత్తు బుట్ట. ఆ ఏడు అందులో జొన్నలు లేవు కాబట్టి మనిషికి చోటు దొరికింది. తలపాగా చుట్టుకునే వయసున్న పెద్దమనిషి, గోడకు ఆనించిన కాడి మీద కాలు పెట్టి అందులోకి ఎలా దూకాడో ఆయనకే తెలియాలి. ఎక్కడం గురించి ఆలోచించాడు గానీ దిగడం గురించి ఆలోచించలేదు. అదొక అలవాటు ఆయనకు. రెండేళ్ల కింద ఒర్రెకు, అదే ఊరి చిన్నవాగుకు, అడ్డంగా కట్ట పోయించినప్పుడూ అంతే. నీళ్లు ఎలా ఆగాలో ఆలోచించాడు, ఎక్కువైన నీళ్లు ఎటు పోవాలో వదిలేశాడు.

నిజానికి వదిలేశాడని అనడం కూడా తప్పే.

లక్సెట్టిపేట నుంచి ఎడ్లబండి దారిలో, గుట్ట కింద ఉన్న ఊరు అది. వాన పడితే గుట్ట నీళ్లన్నీ ఒర్రెలోకి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా గోదారికి పోయేవి. వాటిని జర ఆపితే బావుల్లో ఊట పెరుగుతుందని అంతయ్యకు తోచింది. ఇల్లిల్లూ తిరిగాడు. గడ్డాలు పట్టుకున్నాడు. ఎన్నడూ ఒక్క మాట మీద నిలబడని ఊరు ఆ ఎండాకాలం తట్టా పారా పట్టుకుని ఒర్రెలోకి దిగింది. కట్ట లేచింది. ఇక మిగిలింది మత్తడి. కట్ట నిండాక మిగతా నీళ్లు పొర్లి పోవడానికి పక్కన వదిలే దారి అన్నమాట. అది ఎవరో ఒకరి చేలోంచి పోవాలి.

అంతయ్య ముందు బామ్మర్ది హనుమండ్లును అడిగాడు. హనుమండ్లు అంతయ్య పెళ్లాం కిష్టవ్వకు తోడబుట్టిన తమ్ముడు. "నా మిరపతోట్ల నుంచా? బావా, నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు. దామోదర్‌రావు దొరను అడిగితే ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే, "అటుపక్క చూడరాదు అంతయ్యా" అన్నాడు. అటుపక్క వాళ్లు ఇటుపక్క చూడమన్నారు. మొగమాటం మనిషి. గట్టిగా అడగలేక, "అంత వాన ఏడొస్తది తియ్యి" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

అంత వాన వచ్చింది. కట్ట నిండింది. పోవడానికి దారి లేక నీళ్లే దారి చేసుకున్నాయి. ఒక చివర గండి పడి, ఒర్రెలోని ఇసుకంతా ఎగదన్ని పక్కనున్న చంద్రవ్వ పొలం మీద మేట వేసింది. చంద్రవ్వ మొగుడు పోయిన మనిషి. ఆమెకున్నదే ఆ మడిచెక్క.

అప్పటినుంచి ఊరికి ఆయన అంతయ్య కాదు, గండన్న. చాయ్ హోటల్లో గిలాస ఒలికితే, "గండన్నను పిలువున్రి" అనేవాళ్లు. పెళ్లి బంతిలో చారు ఆకు దాటి పారితే హనుమండ్లు ఆ చివర నుంచి, "బావా, కట్ట వెయ్యి! మత్తడి మరువకు!" అని అరిచేవాడు. అక్క మొగుణ్ని ఆటపట్టించే హక్కు వాడికి పుట్టుకతో వచ్చింది కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. అంతయ్య కూడా మొదట్లో నవ్వేవాడు.

నవ్వలేనిది ఒక్క చంద్రవ్వ దగ్గరే. ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. కనిపిస్తే చూపు తిప్పుకుని పోయేది. ఆ ఊరుకోవడం ఆయనకు రాయిలా తగిలేది. ఆమె వాకిలి తప్పించుకోవడానికి ఊరు చుట్టూ తిరిగి చేనుకు పోయేవాడు. ఈ ఎండాకాలం బావులు మళ్లీ అడుగంటేసరికి ఒక నిర్ణయానికి వచ్చి, దోతులూ అంగీలూ గోనెసంచిలో కుక్కుకున్నాడు.

"చెన్నూర్ల బిడ్డ దగ్గరికి పోత. ఇగ ఆడనే ఉంట" అన్నాడు పెళ్లాంతో.

"పో" అంది కిష్టవ్వ. "నేను రాను. నాకు గీడ బర్రె ఉన్నది."

"బర్రె కన్న నేను తక్కువనా?"

"బర్రె నా మీద అలిగి సంచి సదురుకోలే."

రేపు పొద్దున బస్సు అనగా, ఈ రోజు కప్పతల్లి బయల్దేరింది. వానలు వెనకపడ్డప్పుడు ఆడవాళ్లు కప్పను తడిగుడ్డలో పెట్టి, వేపకొమ్మలతో రోకలికి కట్టి, పాట పాడుతూ ఇంటింటికీ వస్తారు. ప్రతి ఇల్లూ ఆ కప్ప మీద చెంబెడు నీళ్లు పోయాలి. కప్ప తడిస్తే నేల తడుస్తుందని నమ్మకం. రోకలి ముందు కొస చంద్రవ్వ భుజం మీద ఉందని దూరం నుంచే చూసి, అంతయ్య గుమ్మి ఎక్కాడు.

"కిష్టవ్వా, కప్పతల్లి వచ్చింది" చంద్రవ్వ గొంతు. "ఏడున్నడు నీ పెనిమిటి?"

"లేడక్కా. చెన్నూరుకు పోయిండు."

"చెప్పులు గీడనే ఉన్నయ్?"

"ఒట్టి కాళ్లతోని పోయిండు."

"గీ ఎండల?"

కిష్టవ్వ జవాబు వెతుక్కునేలోగా, గుమ్మిలోని పాత జొన్న దుమ్ము అంతయ్య ముక్కులోకి పోయింది. ఆపుకున్నాడు. ముక్కు పట్టుకున్నాడు. లాభం లేకపోయింది. ఆ తుమ్ముకు గుమ్మికి మూతగా పెట్టుకున్న చాట ఎగిరి కింద పడింది.

ఆడవాళ్లంతా గుమ్మి వైపు తిరిగారు.

"ఎలుకలు" అంది కిష్టవ్వ.

"ఎలుక తుమ్ముతదా?"

"మా ఇంటి ఎలుకలకు జర సర్ది అయింది అక్కా."

ఆడవాళ్ల వెనకాల, దుబాయి నుంచి తమ్ముడు పంపిన రేడియో భుజాన పెట్టుకుని హనుమండ్లు ఉన్నాడు. వాన వార్త ఎప్పుడు చెబుతారోనని దాన్ని మోసుకుని తిరుగుతున్నాడు. రేడియో అరుగు మీద పెట్టి, గుమ్మిని రెండు చేతులా పట్టుకుని మెల్లగా పక్కకు ఒరిగించాడు. అందులోంచి ముందు తలపాగా వచ్చింది. తర్వాత తల వచ్చింది. తర్వాత అంతయ్య మొత్తం పాకుతూ వచ్చి, నెత్తినిండా దుమ్ముతో చంద్రవ్వ కాళ్ల ముందు ఆగాడు.

"పంట మంచిగనే వచ్చిందక్కా ఈయేడు" అన్నాడు హనుమండ్లు.

ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చంద్రవ్వ నవ్వలేదు. రోకలి దించకుండానే ఆయన్ను కిందికీ మీదికీ చూసింది.

"నీ మొకం జూసి రెండేండ్లాయె. గింత ముసలోనివి ఎప్పుడైనవ్ తమ్మీ?"

అంతయ్య లేచి నిలబడ్డాడు గానీ తల లేవలేదు. "అక్కా... నీ పొలం..."

"నా పొలం ఏడికి పోలే. ఆడనే ఉన్నది. మీద జర ఇసుక ఉన్నది, గంతే. మత్తడి ఎందుకు పెట్టలే, గది చెప్పు."

 ఇన్నాళ్లూ ఎవరి పేరూ ఎత్తనివాడు ఇప్పుడు మాత్రం ఏం చెబుతాడు? హనుమండ్లు ఉన్నట్టుండి రేడియో చెవి తిప్పడం మొదలుపెట్టాడు.

"నాకెరుకే" అంది చంద్రవ్వ. "అందర్ని అడిగినవ్. దొరను అడిగినవ్. గీ నీ బామ్మర్దిని అడిగినవ్. నన్ను అడిగినవా?"

అంతయ్య బిత్తరపోయాడు. "నిన్నెట్ల అడుగుత అక్కా? ఒక్కదానివి. ఉన్నదే గంత."

"నువ్వు అడగలే. నీళ్లు అడగకుండనే వచ్చినయ్." ఆమె రోకలిని భుజం మీద సర్దుకుంది. "ఇసుక పడ్డదని కాదు నా బాధ. ఊరంత తిరిగినోనివి నా వాకిట్లకు రాలే. ఏం, చంద్రవ్వ ఊళ్లె మనిషి కాదా? ఇయ్యదని నీకు నువ్వే అనుకుంటివి."

ఈ రెండేళ్లు ఆయన మోసిన రాయి ఒకటి. ఆమె మోసింది వేరే. అది ఆయనకు అప్పుడే కనిపించింది. 

"ఇప్పుడన్న అడుగు" అంది.

"అక్కా, నీ పొలం ఒడ్డు నుంచి మత్తడి పోనిస్తవా?"

"ఇయ్య."

అందరూ నోళ్లు తెరిచారు. చంద్రవ్వ మొహంలో మొదటిసారి నవ్వు మెరిసింది. "ఒట్టిగ ఇయ్య. ఒడ్డు మత్తడికి తీస్కోండ్రి. మిగిలిన దాంట్ల ఇసుక ఎత్తి, ఒర్రె అడుగున ఉన్న ఒండుమట్టి పొయ్యాలె. గంత పని ఒక్క గండన్నతోని అయితదా? అందుకే చెప్తున్న, ఊళ్లె నీళ్లు లేవు, కప్పతల్లికి నీళ్లు వద్దు. ఈయేడు ఇంటికొక మనిషి వచ్చి తట్ట మన్ను పొయ్యాలె."

రోకలి వెనక కొస పట్టుకున్న ముసలి యాదవ్వకు భయం వేసింది. "కప్పకు నీళ్లు పొయ్యకుంటే ఎట్లనే? ఎన్నడన్న ఉన్నదా?"

అదీ నిజమే. కిష్టవ్వ బిందె అడుగున మిగిలిన నీళ్లు చెంబులో తెచ్చింది. చంద్రవ్వ నాలుగు చుక్కలు కప్ప మీద చిలకరించి, మిగిలిన చెంబంతా అంతయ్య నెత్తిన కుమ్మరించింది. దుమ్ము బురదై చెంపల మీదుగా కారింది.

"గీ కప్ప కూడ ఎండిపోయి ఉన్నది" అంది.

కప్పతల్లి అక్కణ్నుంచి దొర గడీకి పోయింది. ఊళ్లో ఇంకా నీళ్లున్న బావి ఆయనదే. బకెట్టు నింపి తెప్పించాడు కూడా. చంద్రవ్వ వద్దంది.

"నీళ్లొద్దు దొరా. తట్ట మన్ను."

"నేను తట్ట మోయాల్నానే?"

"మీరు మోయకుంటే మీ బండి మోస్తది."

దామోదర్‌రావు కాసేపు కప్పను చూశాడు, కప్ప ఆయన్ను చూసింది. కప్పతల్లిని ఉత్త చేతులతో పంపిన ఇల్లని రేపు వాన పడకపోతే తన పేరే చెబుతారు. మర్నాడు ఆయన రెండు ఎడ్లబండ్లూ ఒర్రె దగ్గర ఉన్నాయి.

అలా మళ్లీ మొదలైంది. తిట్టుకున్నారు, అలిగారు, ఒకరి పార ఇంకొకరు ఎత్తుకుపోయారని కొట్లాడుకున్నారు. అయినా పని నడిచింది. ఆడవాళ్లు చంద్రవ్వ పొలంలో ఇసుక ఎత్తితే మగవాళ్లు గండి పూడ్చారు. గుట్ట నుంచి బండలు తెచ్చి మత్తడికి పరిచారు. అంతయ్య దాన్ని ఎంత వెడల్పు చేసినా తృప్తి పడలేదు.

"బావా, అండ్ల నుంచి నీళ్లు పోవాల్నా, లారీ పోవాల్నా?" అన్నాడు హనుమండ్లు.

"నీ నోటికి కొలత తీస్కొని తవ్విన."

రెండేళ్లలో ఆయన తిరిగి ఒక మాట అనడం అదే మొదలు. హనుమండ్లు తట్ట కింద పెట్టి మరీ నవ్వాడు. వెళ్తూ వెళ్తూ, "ఆనాడు నా మిరపతోట్ల నుంచి ఇయ్యకపోతిని బావా" అని గొణిగాడు. అంతయ్య విననట్టే ఇంకో బండ సర్దాడు.

రోజూ సాయంత్రం కిష్టవ్వ అడిగేది. "చెన్నూరు బస్సు ఏమాయె?" "రేపు పోత. గీ మత్తడి ఒక్కటి కానీ." సంచి మాత్రం విప్పలేదు. కట్ట మళ్లీ తెగితే ఈసారి బస్సు కోసం కూడా ఆగనని మనసులో అనుకున్నాడు.

తొలకరి మోసుకొచ్చే మిరుగు కార్తె వచ్చిన కొద్ది రోజులకు, పట్టపగలు, గుట్ట నల్లబడింది. వాన కుండపోతగా దిగింది. ఊరంతా కట్ట మీదికి ఉరికింది. అంతయ్య ఇంట్లోనే నిలబడి గుమ్మి వంక చూస్తున్నాడు.

"మల్ల ఎక్కుతవా?" అంది కిష్టవ్వ. "ఎక్కితే చెప్పు, చాట మీద బండ పెడ్త."

ఆయన వెళ్లాడు. కట్ట చివర, అందరికీ దూరంగా, గొంగడి కప్పుకుని నిలబడ్డాడు. ఎర్రటి నీళ్లు పైకి పైకి వస్తున్నాయి. మత్తడి అంచు దాకా వచ్చి, అక్కడ ఒక్కసారి ఆగి చూసినట్టు చేసి, బండల మీదుగా తిరిగాయి. చంద్రవ్వ పొలం ఒడ్డు వెంబడి, పొలంలోకి ఒక్క చుక్క రాకుండా, కిందికి దూకాయి. జనం కేకలు వేశారు. అంతయ్య ఇంకా ఊపిరి పీల్చలేదు.

అప్పుడే పాత గండి పూడ్చిన చోట, కట్ట లోపలి వైపు మట్టి జారింది. వేలు పట్టేంత బొక్క చూస్తుండగానే పిడికిలంత అయింది. హనుమండ్లు అందులో కాలు పెట్టి, గొంతు చించుకుని అరిచాడు.

"గండన్నా! జల్ది రా!"

ఆ పిలుపులో ఎక్కడా వెక్కిరింత లేదు. గండి గురించి తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే, వాడి పేరు అది, అంతే.

"వస్తున్నా!" అంటూ అంతయ్య ఉరికాడు. గొంగడి ఎక్కడో జారిపోయింది. "కాలు తియ్యకురా! బండలు అందియ్యున్రి! సంచి, ఏదన్న సంచి తేండ్రి!"

తట్టలు చేతులు మారాయి. దొర బండివాడు, యాదవ్వ, అందరూ ఒకే వరసలో నిలబడి మట్టి అందించారు. ఇంతలో కిష్టవ్వ ఇంటికి పరుగెత్తి ఒక గోనెసంచి తెచ్చింది. దాని మూతి కట్టే ఉంది. అంతయ్య చూడనైనా చూడకుండా దాన్ని బొక్కలోకి కుక్కి, మీద బండలు పేర్చి, మట్టి వేసి తొక్కించాడు. నీళ్లు కాసేపు గునిసి, ఇక లాభం లేదనుకుని మత్తడి దారి పట్టాయి.

వాన తగ్గింది. ఒర్రె అవతల కప్పలు మొదలుపెట్టాయి. అందరూ బురదలోనే చతికిలబడ్డారు. చంద్రవ్వ వచ్చి అంతయ్య పక్కనే కూర్చుని, నల్లటి ఒండుమట్టితో ఉన్న తన మడి వైపు చూస్తూ, "తమ్మీ, జొన్న ఏద్దునా, పెసర ఏద్దునా?" అని అడిగింది. ఇద్దరూ దాని మీద వాదులాటకు దిగారు.

అంతలో అంతయ్యకు ఏదో గుర్తొచ్చింది.

"ఇగో, గా సంచి ఏడిదే?"

కిష్టవ్వ కొంగు పిండుకుంటూ అటు తిరిగింది.

"కిష్టవ్వా! అండ్ల నా దోతులున్నయ్! నా కొత్త అంగీ!"

"ఏడికి పోలే" అంది ఆమె. "ఆడనే ఉన్నయ్. మీద జర మన్ను ఉన్నది, గంతే."

"మరి నేను చెన్నూరుకు ఎట్ల పోవాలె?"

"గిట్లనే పో బావా" అన్నాడు హనుమండ్లు, ఒంటి నిండా బురదతో. "గుమ్మిల కూసో. బండి మీద ఎక్కించి పంపిస్తం."