ఐదు నెలల అక్క

సర్కారు కాగితాల ప్రకారం గంగక్క 1981 ఏప్రిల్‌లో పెద్దబిడ్డ యశోదను కన్నది. అదే ఏడు సెప్టెంబరులో చిన్నబిడ్డ నాగలతను కన్నది. పినపాక పక్క అడవి పల్లెలో ఐదు నెలల తేడాతో రెండు కాన్పులు జరిగితే, నలభై ఏళ్లపాటు ఒక్కరంటే ఒక్కరు ముక్కున వేలేసుకోలేదు. రేషన్ కార్డోళ్లు చూశారు, ఓటరు లిస్టోళ్లు చూశారు, పాస్‌పోర్టోళ్లు కూడా చూసి ముద్ర గుద్దారు. చివరికి కరోనా కాలంలో మలేషియాలో ఒక ఆఫీసరు ఆ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. అంతే, నాగలత ప్రయాణం ఆగిపోయింది.

యశోద మొగుడు శివ మణుగూరు బొగ్గు గనుల్లో కాంట్రాక్టు వెల్డరు. పదిహేనేళ్ల కింద పని దొరికి పెళ్లాంతో కౌలాలంపూర్ పోయాడు. అక్కడ యశోదకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. విమానమెక్కి ఇంటికి వచ్చే ఓపిక కూడా లేదు. కిడ్నీ ఇద్దామంటే శివ రక్తం సరిపోలేదు, చెల్లెలిది సరిపోయింది. అప్పుడు ఆ దేశం బయటివాళ్లను ఎవరినీ రానివ్వడం లేదు. రోగికి అవయవం ఇచ్చే సొంత తోబుట్టువైతే మాత్రం మెడికల్ వీసా మీద ప్రత్యేక అనుమతి ఇస్తారట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా?

మణుగూరు మీసేవలో కూర్చునే దీపిక, వచ్చిన ఉత్తరాన్ని మాస్కులోంచే తెలుగులో చదివి చెప్పింది. ఈ తేదీలను బట్టి ఇద్దరూ ఒక తల్లి బిడ్డలని నమ్మలేం, పది రోజుల్లో రుజువు పంపండి, తర్వాత వీడియోలో ఇద్దరితో మాట్లాడతాం, లేదంటే దరఖాస్తు మూసేస్తాం.

"ఏందక్కా గిది? గీ రెండిట్ల ఏది నిజం?" అంది దీపిక.

"నాకేం ఎరుక బిడ్డా. రెండూ బడిల సారు రాసినవే," అంది నాగలత.

డి.ఎన్.ఏ. పరీక్ష మాట అడిగితే, రిపోర్టుకే నెల పడుతుందన్నారు. సాక్ష్యం చెప్పడానికి కన్నతల్లి లేదు, తండ్రి బొజ్జయ్యా లేడు. నాగలత హాస్టల్లో ఐదొందలమందికి వండి వార్చే మనిషి. బడులు మూతపడ్డాక ఆ పనీ లేదు. ఆ రోజు ఇంట్లో గుప్పెడు బియ్యం కడుగుతూ ఏడ్చింది.

తెల్లారి మూడు బస్సులు మారి కుసుమంచి పోయింది. ఒకటో తరగతిలో తమ పేర్లు రాసిన బసవపున్నయ్య సారు అక్కడ కూతురింట్లో ఉంటున్నాడని ఎవరో చెప్పారు.

దారి పొడవునా కిటికీ అవతల అడవి వెనక్కి పోతుంటే, ఆమె మనసూ దాంతోపాటే వెనక్కి పోయింది. ఎండలు ముదరకముందే, అవ్వ అని పిలిచే తల్లి ఇప్పపూలు ఏరబోయేది, ముదిరాక బీడీల తునికాకు తెంపబోయేది, చలికాలం మిరప తోటల్లో కూలికి పోయేది. ఏడాదంతా నాగలత ఉన్నది అక్క చంకలోనే. అవ్వ ఒడి గుర్తుందా అంటే చెప్పడం కష్టం గానీ, అక్క నడుం మీద తను కూర్చున్న చోటు ఇప్పటికీ గుర్తుంది. వేయించిన ఇప్పపూలు అక్క పిడికిట్లోంచి ఒక్కొక్కటే తన నోట్లో పెట్టేది. ఆ తీపి మళ్లీ ఏ మిఠాయిలోనూ దొరకలేదు.

బడికి పోయే రోజులొచ్చాక వాగొకటి అడ్డం. అక్క చెల్లెల్ని ఒడ్డున నిలబెట్టి, రెండు పలకలూ నెత్తిన పెట్టుకుని ముందు తను దిగేది. "ముంగట నేను పోత. లోతు లేకుంటే పిలుస్త. పిలిచినంకనే దిగు," అనేది. అక్క మోకాలిలోతు నీళ్లు చెల్లెలికి నడుముదాకా వచ్చేవి. అయినా అక్క పిలిచిందంటే భయం ఉండేది కాదు.

బసవపున్నయ్య సారుకు ఎనభై నాలుగేళ్లు. మధిర వైపు మనిషి. వరండాలో ఈ కొసన ఆయన, ఆ కొసన నాగలత కూర్చున్నారు. నాగలత సంగతంతా చెప్పింది.

"మీ అక్క మహా మొండిదమ్మాయ్," అన్నాడు సారు. "నాలుగేళ్లు వరసగా మీ ఇంటికొచ్చి పిలిచాను. 'చెల్లె బడిదాకా నడిచినంక ఇద్దరం వస్తం సారూ, పోతే ఇద్దరం పోతం' అని అదే మాట. నీకు ఐదేళ్లు నిండొస్తుంటే వచ్చింది. అప్పటికి తనకి తొమ్మిది. తొమ్మిదేళ్ల పిల్లని ఒకటో తరగతిలో రాస్తే ఇన్‌స్పెక్టరు పేరు కొట్టేస్తాడని భయమేసింది. పుట్టినరోజులడిగితే మీ అమ్మ, పెద్దది ఇప్పపూలు రాలేటప్పుడు, చిన్నది కొత్త పంట తినే కొత్తల పండుగ నాళ్లలో అంది. నెలలు అలాగే వేశాను. ఏడు మాత్రం ఇద్దరికీ నీదే వేశాను."

నాగలతకు బడి గుర్తొచ్చింది. అక్క తరగతిలో అందరికన్నా పొడుగు. పిల్లలు తాటిచెట్టని ఏడిపించేవారు, వాళ్లతో కలిసి ఒకసారి తనూ నవ్వింది. అక్క తన కోసమే నాలుగేళ్లు ఆగిందని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ నవ్విన రోజు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తప్పు రాసింది నేను," అంటూ సారు కాగితం తెప్పించుకున్నాడు. మూడు కాగితాలు పాడుచేసి, నాలుగోది కుదురుగా ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాడు.

తొమ్మిదో రోజు వీడియో కాల్. దీపిక కంప్యూటర్ ముందు నాగలత, తెరమీద ఇద్దరు ఆఫీసర్లు, మాటలు తెలుగు చేసి చెప్పడానికి జ్యోత్స్న అనే ఆవిడ. అదే తెరలో ఒక మూల ఆసుపత్రి మంచం మీద యశోద. మొహమంతా ఉబ్బిపోయింది. దీపిక పంపిన సారు ఉత్తరం ఒప్పుకున్నారు గానీ, రోగి నోటితో కూడా వినాలన్నారు.

"యశోదగారూ, ఈమె మీ సొంత చెల్లెలేనా?" అని జ్యోత్స్న అడిగింది.

యశోద తల వంచుకుంది. రెండోసారి అడిగినా పలకలేదు. నాగలతకు అప్పుడు అర్థమైంది. కాగితం అడ్డంపడితే అక్క సంతోషించింది. చెల్లెలి ఒంటిమీద కత్తి పడకుండా పోతుందని మౌనంగా కూర్చుంది. పుట్టిన నాటినుంచీ మోసింది చాలదన్నట్టు, ఇప్పుడు కూడా తనే మోయాలనుకుంటోంది. నాగలతకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"అక్కా, సారు దగ్గరికి పోయొచ్చిన," అంది. "నేను నడిచేదాంక నాలుగేండ్లు బడికి పోకుంట ఆగినవట గదా. పోతే ఇద్దరం పోతమన్నవట. గప్పుడు నన్నిడిచిపోనిది, గిప్పుడెట్ల ఇడిచిపోతవ్?"

యశోద కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగసెగసి పడ్డాయి. జ్యోత్స్న ఆ మాటలు ఆఫీసర్లకు చెప్పాల్సింది చెప్పలేక కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"అవ్," అంది యశోద కొంగు వదిలి. "నా చెల్లెనే. నా సొంత చెల్లె."

అనుమతి వచ్చింది. నాగలత ఒక పాతగుడ్డలో దోసెడు వేయించిన ఇప్పపూలు మూటగట్టుకుని బయల్దేరింది. అక్కడి ఎయిర్‌పోర్టులో పూలు తీసేసుకుని గుడ్డ ఇచ్చేశారు. క్వారంటైన్ పేరుతో పద్నాలుగు రోజులు తెరుచుకోని కిటికీ ఉన్న హోటల్ గదిలో ఉంచారు. రోజుకోసారి ఆ గుడ్డ మొహం మీద కప్పుకునేది. చిన్నప్పటి ఎండాకాలమంతా అందులో ఉంది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఇద్దరి మంచాలనూ పక్కపక్కన ఆపారు. దాతను ముందు తీసుకుపోతారట, గంట తర్వాత రోగిని. నాగలత ఆ గుడ్డను అక్క చేతిలో పెట్టింది. యశోద వాసన చూసి కళ్లు మూసుకుంది. రెండో చేత్తో చెల్లెలి మణికట్టు గట్టిగా పట్టుకుంది, నర్సు వదలమన్నా వదల్లేదు.

"వద్దే నాగీ. నాకు బయమైతాంది," అంది.

నాగలత అక్క వేళ్లను ఒక్కొక్కటే విడిపించింది.

"ముంగట నేను పోత," అంది. "లోతు లేకుంటే పిలుస్త. పిలిచినంకనే దిగు."