మరిగించిన మరక

మంత్రి చెప్పింది మీరు పేపర్లో చదివే ఉంటారు. ఓటు కావాలని అడిగి జైలుకెళ్ళిన ఆడవాళ్ళు అన్నం మానేస్తే డాక్టర్లు పాలు పడుతున్నారట, వాళ్ళు బుద్ధిగా తాగుతున్నారట! ఎంత చల్లని మాట! మేం పేపరు చదవలేదు. జైలు బట్టలు ఉతికే లాండ్రీ మాది. మాకు మూట వచ్చింది.

విప్పగానే పులిసిన పాల కంపు గుప్పుమంది. ఐదు గౌన్లకి మెడ దగ్గర పాలూ నెత్తురూ కలిసి అట్టకట్టి ఉన్నాయి. ఒకదాని మీద పదిహేడు అని కుట్టి ఉంది. అది మా అక్క నంబరు. మొన్నటి ఎన్నికల్లో పోలింగు గదిలోకి నడిచి వెళ్ళి "నాకూ ఒక చీటీ ఇవ్వండి" అన్నందుకు ఆర్నెల్లు వేశారు. అంతకు ముందు నా పక్క తొట్టి దగ్గరే ఉతికేది.

మాలో అందరికన్నా పెద్దది పెద్దమ్మ. "ఓటొస్తే పొయ్యి దానంతటదే మండుతుందా?" అని అక్కని ఆటపట్టించిన మనిషే. ఇప్పుడు గౌను వెలుగులోకి పట్టి చూసింది.

"భుజం కుట్లు రెండువైపులా తెగాయి. ఇద్దరు చెరో చెయ్యీ పట్టి గుంజితేనే ఇలా తెగుతాయి. ఇష్టంగా తాగేదాన్ని ఎవడైనా గుంజుతాడా?"

కంట్రాక్టరు ఆదరాబాదరా వచ్చాడు. "చల్లనీళ్ళలో నానేసి ఉప్పుతో రుద్దండి. ఎల్లుండికి తెల్లగా ఉండాలి. బయట ఒక్క మాట పొక్కిందా, ఒక్కత్తికీ పనుండదు!"

అతను వెళ్ళాక ఒకటే గోల.

"పని పోతే నా ముగ్గురు పిల్లలకీ ఏం పెట్టను?" అంది ఇస్త్రీ చేసే వదిన. "మనం కాకపోతే ఇంకోచోట ఉతికిస్తాడు. మనకెందుకొచ్చిన తంటా?"

"ఇన్నాళ్ళూ కడిగేస్తోంది మనమే కదా వదినా!" అని అరిచాను. "వాళ్ళు చంపుతుంటే మనం మరకలు మాపుతున్నాం. మా అక్క చచ్చిపోతుంది!" ఇంక ఏడుపు ఆగలేదు.

పెద్దమ్మ అక్క గౌను తీసుకెళ్ళి సలసల మరిగే నీళ్ళలో పడేసింది. అందరం అయ్యయ్యో అన్నాం. ఈ పనిలో మొదటిరోజు నేర్పే పాఠం అదే. నెత్తురు మరక వేడినీళ్ళలో పడితే ఇక జన్మలో పోదు. మాకది నేర్పింది ఆవిడే.

"ఉతకమన్నాడు, ఉతుకుతున్నాం," అంది. "మిగతా నాలుగూ తేండి."

తెచ్చింది వదినే. గంజి పెట్టి, మడత నలగకుండా ఇస్త్రీ కూడా చేసింది.

మర్నాడు టౌన్‌హాల్లో మంత్రి సభ. ముప్ఫై ఒక్కమందిమీ పనికి ఎగనామం పెట్టి, గౌన్లు శాలువాల కింద దాచుకుని మేడమెట్లెక్కి కూర్చున్నాం. "వాళ్ళు క్షేమంగా ఉన్నారు" అని ఆయన అన్నాడో లేదో, ఐదు గౌన్లనీ మేడ పిట్టగోడ మీంచి కిందికి వేలాడదీశాం. హాలంతా తలెత్తింది.

"ఏమిటా మరకలు?" అని ఒక విద్యార్థి అడిగాడు.

"మీ మంత్రిగారు పోయించిన పాలు నాయనా!" అంది పెద్దమ్మ.

"అవి జైలు సొత్తు! లాక్కోండి!" అని జైలు అధికారి కేకేశాడు. అంటే అవి ఎక్కడివో ఆయన నోటే తెలిసిపోయింది. కుర్చీలు విరిగాయి. లాఠీలు లేచాయి. మమ్మల్నందర్నీ బండెక్కిస్తుంటే విద్యార్థులు బండి చక్రాలకి అడ్డం పడుకున్నారు.

అక్క ఉన్న జైల్లోనే వేశారు. కాపలామనిషిని ఆమె గురించి అడిగాను. ఆమె నా మొహం చూడలేదు.

"పదిహేడా? ఆస్పత్రి గదిలో ఉంది. ఊపిరైతే ఉంది. ఈ సాయంత్రం మళ్ళీ పోస్తారు. ఇంకోసారికి తట్టుకోదని నర్సే అంటోంది."

ఆ మాట అందరూ విన్నారు. కంచాలు వచ్చాయి. ముప్ఫై ఒక్క కంచాలనీ ఊచల కిందినుంచి బయటికి తోసేశాం. పిల్లలతల్లి వదిన అందరికంటే ముందు తోసింది.

డాక్టరు ఇద్దరు జవాన్లతో వచ్చాడు. చేతిలో ముక్కులోకి దూర్చి పాలు పోసే రబ్బరు గొట్టం. అది ఒక్కటే ఉంది. వరండా పొడవునా కంచాలు చూసి ఆగిపోయాడు. అతని అడుగులు ఆస్పత్రి గది వైపు తిరుగుతుంటే పెద్దమ్మ ఊచలు పట్టుకుని లేచింది.

"ఇటు రా నాయనా, తలుపు తీయించు. ఇక్కడ ముప్ఫై ఒక్కమందిమి తిండి మానేశాం. మా అందరి పనీ అయ్యాకే ఆ పిల్ల," అని, పళ్ళు బిగించి కూర్చుంది.