ఎంత దూరాన ఉన్నాడో

జిలానీ నల్ల తెరలకు చివరి గుండుసూది గుచ్చి, సందులోంచి దూరుతున్న ఎండపొడను పాత అట్టముక్కతో మూసేశాడు. నరసరావుపేట కాలేజీ ఫిజిక్సు ల్యాబులో అటెండరుగా జుట్టు నెరిసిన మనిషి. గదిని చీకటి చెయ్యడంలో అతనికి సాటి లేరు. ఫోను బయట బీరువాలో పెట్టి వచ్చాడు. డార్కురూములో ఫోను వెలుతురు పడిందా, పాఠం చెప్పే మధుబాబు సారు వీరంగం వేస్తాడు మరి!

గామా కిరణాల పేలుళ్ల పాఠం. సారు చెప్పగానే జిలానీ గది చివర నిలబడి పిల్లల మీదికి టార్చి వేశాడు.

"చూశారా," అన్నాడు సారు, "ఇంత చిన్న టార్చి! మీ మొహానికి గురిపెట్టేసరికి కళ్లు చెదిరాయి. ఆకాశంలో పేలుడూ అంతే. ఎంత జిగేలుమన్నా దగ్గరిదని చెప్పలేం. పేలాక కాసేపు మిగిలే వెలుగును ఆరిపోకముందే పట్టుకుని, రంగులు విడదీసి చూస్తేనే దూరం తేలేది. దూరం తేలితేనే అసలు ప్రకాశమెంతో లెక్కకొచ్చేది."

"పట్టుకోలేకపోతే సార్?" ఒకమ్మాయి అడిగింది.

"ఇంకేముంది! వచ్చిందని తెలుస్తుంది, ఎక్కణ్ణుంచో తెలీదు."

పాఠం అయ్యాక బీరువా తీస్తే ఫోనులో కొత్త నంబరు నుంచి మిస్డ్ కాల్. తమ్ముడు అల్తాఫే! బోరుబండి వెంట ఊళ్లు పట్టుకుపోయి ఏళ్లయింది. సొంత ఫోను లేదు, ఎప్పుడో ఎవరినో బతిమాలి చేస్తాడు. ఇంటిదగ్గర అక్క ఖదీజాకు డాక్టర్లు చేతులెత్తేశారు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన ఆ అల్తాఫ్‌ను ఒక్కసారి చూస్తే చాలంటుంది.

గబగబా తిరిగి చేశాడు. ఎవడో తెలియని భాషలో అరిచి పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్. అయ్యో, కాస్త ముందు చూసుకున్నా బాగుండేది! తన మీద తనకే చెప్పలేనంత కోపమొచ్చింది.

ఇంటికెళ్లి అక్కతో, "అల్తాఫ్ ఫోన్ చేశాడు ఆపా" అన్నాడు.

మంచం దిగలేని మనిషి లేచి కూర్చుంది. "ఏందిరా, నిజంగానా! గొంతు గట్టిగా వినపడిందా?"

"చానా గట్టిగా."

"అయితే దగ్గరికొచ్చేశాడు. మాచర్ల దాటుంటాడు. ఒరేయ్, వాడికి అన్నం తీసి మూతెయ్యి. ఆకలికి ఆగలేడు వాడు."

గట్టిగా వినపడితే దగ్గరని కాదు ఆపా, అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు. నిజం చెప్పొద్దూ, అతనికీ నమ్మాలనే ఉంది. సందు మలుపు తిరిగి వాడొస్తే చాలు, ఇంకేమీ వద్దనిపించింది. పళ్లెంలో అన్నం పెట్టాడు, పప్పు పోసి మూతేశాడు.

పొద్దున్నే అజాన్ వినపడే వేళకు ఖదీజా వాకిలి వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు.

సాయంత్రం అక్కను మట్టిచేసి ఖబరస్తాన్ నుంచి వచ్చి జిలానీ వంటింట్లోకి వెళ్లాడు. గట్టు మీద మూతేసిన పళ్లెం అట్లాగే ఉంది, అంచున కారిన పప్పు ఎండిపోయి.